నీళ్ళలో ఎలుక, చెట్టు మీద అన్నయ్య

మా అన్నయ్య అన్నం మానేసిన ఏడాది మామిడి పూత విరగబూసింది. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ముందు దాని గురించే అడిగారు. తోట దెబ్బతిందా? ఎవరితోనైనా గొడవైందా? ఏమీ లేదు. ఇంట్లో చావు లేదు, తగాదా లేదు, ఒంట్లో జ్వరం లేదు. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో ఆయన కోత మేస్త్రీ. కోత ముఠాను వెంటబెట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి, ఏ కాయ ముదిరింది, ఏది ఇంకా ఆగాలి అని చెప్పడం ఆయన పని. కోతలు లేని రోజుల్లో అవే తోటల్లో పాదులు తవ్వించడం, పూత మీద పురుగుమందు కొట్టించడం చేసేవాడు. ఆ ఏడు నిండుగా పూసిన చెట్ల మధ్య నిలబడి, తలెత్తి చూసి, "ఇదంతా ఎందుకు పూసినట్టో" అన్నాడట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కారణం ఉంటే మేము అంత భయపడేవాళ్ళం కాదు. కారణంతో పోట్లాడవచ్చు, అది పోవాలని ప్రార్థన చేయవచ్చు. ఏ కారణమూ లేకుండా నిక్షేపంలాంటి మనిషి మంచం దిగడం మానేస్తే దేనితో పోట్లాడాలి? ఏమని ప్రార్థించాలి?

అవి పంతొమ్మిది వందల ఎనభైల చివరి సంవత్సరాలు. అమ్మా నాన్నా పోయాక నన్ను మిషన్ హాస్టల్లో చేర్చి, డిగ్రీ చదివించి, ఆ పైన నూజివీడులో జంతుశాస్త్రంలో పరిశోధనకు పంపింది అన్నయ్యే. ఆడపిల్లకి ఇంత చదువెందుకని అడిగినవాళ్ళకి, "దానికి బుర్ర ఇచ్చింది దేవుడు, నేను కాదుగా, ఆపడానికి" అనేవాడు. నేను రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. కాలేజీలో తెల్ల ఎలుకల్ని చూసుకోవడం నా పని. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే మా వదిన ముక్కు మూసుకునేది.

"వచ్చిందండీ ఎలకల డాక్టరమ్మ! ముందా చీర విప్పి బయట పడెయ్యమ్మా, అన్నం సయించదు మాకు."

"నీ చేపల పులుసు వాసన కంటే మేలులే వదినా."

"చేపలు తింటాం. ఎలకల్ని తింటామా? అయినా పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు పిల్ల ఏం చేస్తదంటే ఏం చెప్పమంటావు? ఎలకలకి జోల పాడతదని చెప్పనా?"

అన్నయ్య మంచి రోజుల్లో ఈ మాటలకి పగలబడి నవ్వేవాడు. ఆ ఏడు మా ఇద్దరి మాటలూ ఆయన్ని తాకి కింద పడిపోయేవి. కొన్నాళ్ళకి వదిన ఎగతాళి చెయ్యడం మానేసింది. అప్పుడు నాకు మొదటిసారి గట్టిగా భయం వేసింది.

తెల్లారకముందే మెలకువ వచ్చేది ఆయనకి. పొద్దున పూట మనిషి మరీ బరువుగా ఉండేవాడు. సాయంత్రానికి రెండు మాటలు మాట్లాడితే మాట్లాడినట్టు. గడ్డం పెరిగింది. పిల్లలు మీదెక్కితే దించేవాడు కాదు, ఎత్తుకునేవాడు కాదు. అడిగితే ఒకే మాట చెప్పేవాడు: "నాకేం లేదమ్మాయ్. నేనే పనికిరాను."

ఇంట్లో వస్తువులన్నీ నా కళ్ళకి మారిపోయాయి. దూలానికి వేలాడే కోత తాళ్ళు, వసారాలో పురుగుమందు డబ్బా, కాయలు కోసే చిక్కం కర్రకి కట్టే కత్తి. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. వాటి పక్కనుంచి నడవాల్సివస్తే తప్పుకుని పోయేదాన్ని. వదినకీ అలాగే ఉందని, ఒకరోజు డబ్బా కనిపించకపోతే తెలిసింది. ఏదని అడిగాను.

"అయ్యగారింట్లో పెట్టొచ్చా" అంది నా మొహం చూడకుండా. "పిల్లలు ముట్టుకుంటారని."

పిల్లలు పుట్టినప్పటినుంచీ ఆ డబ్బా అక్కడే ఉంది.

అయ్యగారంటే మా పాస్టరు గారు. ఆగిరిపల్లి అవతల, రేకుల కప్పు ప్రార్థన మందిరం మాది. నడక వచ్చినప్పటినుంచీ ఆ చాపల మీద కూర్చుని వాక్యం విన్నదాన్ని నేను. చదవడం నేర్చుకున్నదీ వాక్యంలోనే. మా సంఘంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఉపవాస ప్రార్థన పెడతారు. అన్నయ్య కోసమూ పెట్టారు. ఆడవాళ్ళు కన్నీళ్ళతో ప్రార్థించారు. అన్నయ్య మధ్యలో కూర్చుని, తన గురించి కాదన్నట్టు చాప పుల్లలు లాగుతూ ఉన్నాడు. నా ప్రార్థనలో మాటలు ఎండిపోయాయి. "ప్రభువా, ఆయన్ని చావనియ్యకు" అని మాత్రం అంటూ ఉన్నాను. ఆ మాట పైకి అంటే నిజమవుతుందేమోనని పెదవులు కదపకుండా అన్నాను.

అదే వారంలో కాలేజీలో మా సార్ కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. అది ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే పై దేశాల్లో చాలాచోట్ల చేస్తున్నదే. పొడవాటి గాజు జాడీలో గోరువెచ్చని నీళ్ళు పోస్తాం. ఎలుక పైకి ఎక్కి రాలేనంత ఎత్తు, కాళ్ళు అడుగుకి ఆననంత లోతు. అందులో ఎలుకను వదిలి, స్టాప్‌వాచీ పట్టుకుని చూడాలి. మొదట అది గాజును గీరుతుంది, చుట్టూ తిరుగుతుంది, మునిగి అడుగున దారి వెతుకుతుంది. కాసేపటికి ఆగిపోతుంది. ముక్కు నీళ్ళ పైన ఉండడానికి ఎంత కదలాలో అంతే కదులుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి. అలా తేలుతూ ఉండిపోతుంది. అప్పుడు తీసి, తువ్వాలుతో తుడిచి, బల్బు వెచ్చదనం కింద పెడతాం. మర్నాడు మళ్ళీ వేస్తే ఇంకా ముందే ఆగిపోతుంది. మానసికంగా కుంగిపోయిన మనుషులకు ఇచ్చే మందు ముందుగా ఎక్కిస్తే మాత్రం ఎక్కువసేపు పెనుగులాడుతుంది. ఆ మందు మనుషుల్లో పనిచేస్తుందని అప్పటికే తెలుసు. అది ఎలా పనిచేస్తుందో, కొత్త మందుల్లో ఏది పనికొస్తుందో తెలుసుకోవడానికి ఈ జాడీ.

మొదటి ఎలుక ఆగిపోయినప్పుడు నేను వాచీ నొక్కడం మరిచిపోయాను. ఆ కళ్ళు నాకు తెలుసు. ఇంట్లో గోడవైపు తిరిగి ఉన్న కళ్ళు అవే.

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. సార్ వెనకే వచ్చారు.

"ఏమ్మా, నీళ్ళంటే భయమా, ఎలకంటే భయమా?"

"మా అన్నయ్య ఇలాగే ఉన్నాడు సార్."

ఆయన మొహంలో నవ్వు పోయింది. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చనిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని ఒక్కొక్కటీ అడిగారు. అనలేదన్నాను. అనకపోవడమే నాకు భయంగా ఉందని కూడా చెప్పాను.

"చూడమ్మా, ఎలక ఆగిపోతే నిరాశ అని మనమే పేరు పెట్టుకున్నాం. బలం దాచుకుంటోందని అనేవాళ్ళూ ఉన్నారు. దాని మనసులో ఏముందో నాకు తెలీదు. ఎలకని చూసి మీ అన్నయ్యకి జబ్బు ఇదని చెప్పేంత గొప్పవాణ్ణి కాదు నేను. బెజవాడలో మానసిక వైద్యులున్నారు. రేపే తీసుకెళ్ళు. సోమవారం దాకా ఆగొద్దు."

సోమవారం దాకా ఆగొద్దన్న మాట బస్సు దిగేదాకా చెవుల్లో మోగుతూనే ఉంది.

ఇంకొక భయం కూడా ఆ రోజే పట్టుకుంది. అది ఎవరికీ చెప్పుకోలేనిది. జాడీ పక్కన వాచీ పట్టుకుని నేను నిలబడ్డట్టే దేవుడు మా అన్నయ్య పక్కన నిలబడి చూస్తున్నాడా? ఎంతసేపటికి ఆగిపోతాడో లెక్క పెడుతున్నాడా? మందిరం చాప మీద పెరిగిన దాన్ని, ఇలాంటి ఆలోచన నాలోంచి వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. మోకాళ్ళ మీద పడ్డాను. నాకు దొరికిన జవాబు చిన్నదే. నా రెండో చేతిలో తువ్వాలు ఉంది. ఒక్క ఎలుకనూ నేను మునిగిపోనివ్వలేదు. నాకే అంత జాలి ఉంటే, ఆ జాలిని నాలో పెట్టినవాడికి ఎంత ఉండాలి! అది నమ్మాను. నమ్ముతూనే భయపడ్డాను. అప్పటిదాకా ఆ రెండూ ఒకచోట ఉండవనుకునేదాన్ని.

బెజవాడ డాక్టరు గారు పెద్దాయన. అన్నయ్య కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"నాకేం లేదండి. బద్ధకం" అన్నాడు.

"బద్ధకం ఉన్నోడు హాయిగా నిద్రపోతాడయ్యా. నువ్వు పోతున్నావా?"

అన్నయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చెల్లెలి ముందు ఏడవడం ఇష్టం లేక కిటికీవైపు తిరిగాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు.

డాక్టరు గారు రాసిన మాత్ర, మేము ఎలుకలకు ఎక్కించే మందే. పేరు చూసి గుర్తుపట్టాను. గుర్తుపట్టి ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"ఎలుకకు ఒక రోజులోనే తేడా తెలుస్తుంది సార్. మా అన్నయ్యకి ఎప్పటికి తెలుస్తుంది?"

"మీ ఎలకకి అంత తొందరగా ఎందుకొస్తదో, మనిషికి రెండు మూడు వారాలు ఎందుకు పడుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదమ్మా. నువ్వు కనిపెట్టి చెప్పు" అని నవ్వి, అన్నయ్యని బయట కూర్చోమని, నాతో నెమ్మదిగా అన్నారు. "ఇది బాగా గుర్తుపెట్టుకో. ముందు ఒంట్లోకి బలం వస్తది. మనసు తేలికపడటం ఆ తర్వాతే. ఆ మధ్యలో ఉన్న రోజులే ప్రమాదం. మనిషి లేచి తిరుగుతున్నాడు గదా అని వదిలెయ్యొద్దు. మాత్రలు అతని చేతికి ఇవ్వొద్దు. నన్ను అడక్కుండా ఆపొద్దు."

మాత్రలు వదిన తన దగ్గర పెట్టుకుంది. బియ్యం డబ్బాలో దాచి, పూటకి ఒకటి తీసి ఎదురుగా నిలబడి మింగించేది.

ఎలుకల మందన్న మాట సంఘంలో పాకింది. అయ్యగారు నన్ను పిలిపించారు.

"అమ్మాయ్, దేవుడు తన పోలికలో చేసుకున్న మనిషికి ఎలక మీద చూసిన మందంట. నిజమేనా?"

"నిజమేనండి. కానీ అయ్యగారూ, నేల మీద తిరిగే జంతువుల్నీ మనిషినీ ఆయన ఒకే రోజున చేశాడు కదండీ. ఒకే మట్టి. మన ఒంట్లో వాటి ఒంటి పోలిక కొంత ఉంటే తప్పేముంది?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. నేను ఇంకో మాట కూడా అన్నాను. అడవిలో చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని అడిగిన ప్రవక్త దగ్గరికి దేవుడు ఉపదేశం పంపలేదు. రొట్టె, నీళ్ళు పంపాడు. తిని పడుకోమన్నాడు.

"వాక్యం బాగానే వంటపట్టింది నీకు" అన్నారాయన. కాస్త నవ్వారు కూడా. "మందు వద్దనను. మందు మీదే ఆనుకుని దేవుణ్ణి మర్చిపోవద్దంటున్నా, అంతే."

కాయలు ముదిరే వేళకి మందు పని మొదలుపెట్టింది. అన్నయ్య గడ్డం గీసుకున్నాడు. తోటలకి వెళ్ళాడు. ఒక ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని మందిరానికి వచ్చాడు. మా వాళ్ళ సంతోషం చెప్పలేను. అయ్యగారు పాట మధ్యలో ఆపి ఆయన్ని ముందుకి పిలిచారు.

మా సంఘంలో సాక్ష్యమంటే చిన్న విషయం కాదు. మేలు పొందినవాడు లేచి అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే దేవుడికి రావలసిన మహిమను దాచుకున్నట్టు. చెప్పాక మాత్రం వెనక్కి పోకూడదు. సారా మానేశానని సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ గ్లాసు పట్టుకుంటే అతన్ని ప్రభువు బల్లకి, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ఆరాధనకి, దూరం పెడతారు. ఈ నియమం మా పేటలో ఎన్నో ఇళ్ళని నిలబెట్టింది. దాన్ని నేను తేలిక చెయ్యను.

అన్నయ్య లేచాడు. అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు నిన్ను పూర్తిగా బాగుచేశాడని చెప్పు నాయనా" అన్నారు.

"దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు" అన్నాడు అన్నయ్య.

స్తోత్రాలతో రేకులు అదిరిపోయాయి. వదిన కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ ఆయన కళ్ళవైపు చూశాను. ఒళ్ళు లేచింది గాని కళ్ళు ఇంకా లేవలేదు. ముందు బలం వస్తదని డాక్టరు గారన్న మాట గుర్తొచ్చింది. అందరూ పాడుతుంటే నేను చప్పట్లు ఆపేశాను.

తర్వాత నాలుగైదు రోజులకి కాబోలు, నేను బస్సు దిగేసరికి వదిన వీధిలోనే ఎదురొచ్చింది.

"మీ అన్నయ్య మాత్ర మింగట్లేదమ్మా."

"ఎప్పటినుంచి?"

"ఆదివారం నుంచి. చెప్పొద్దన్నాడు. నేనే ఆగలేకపోయా."

ఇంట్లోకి పరుగున వెళ్ళి అడిగాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"సారా మానేశానని చెప్పి తాగేవాడికీ నాకూ తేడా ఏంటమ్మాయ్? పూర్తిగా బాగయ్యానని దేవుడి ముందు చెప్పా. ఇంకా మాత్ర మింగితే, నా నోటితో ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టే గదా."

"సారా వేరు, మందు వేరు అన్నయ్యా."

"సాక్ష్యం సాక్ష్యమే."

మేము చెప్పిన ఏ మాటా ఆయనకి ఎక్కలేదు. సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. తాగుబోతు కోసం పెట్టిన కట్టుబాటును తెచ్చి తన గొంతుకి తానే బిగించుకున్నాడు. మర్నాటినుంచి మళ్ళీ గడ్డం పెరగడం మొదలైంది. అయ్యగారేమో ప్రార్థన కూటాల కోసం మైలవరం వెళ్ళారు, వచ్చేసరికి పై వారం శనివారం అవుతుందన్నారు. ఆ మధ్య రోజుల్లో నేను కాలేజీకి పోలేదు. అన్నయ్య ఏ తోటకి పోతే ఆ తోట గట్టు మీద ఏదో పనున్నట్టు కూర్చునేదాన్ని.

ఆ శనివారం అన్నయ్య నన్ను వెంట రావద్దని గట్టిగా చెప్పి ఇంటికి పంపేశాడు. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ముఠాలోని ఒకావిడ రొప్పుకుంటూ ఇంటికొచ్చింది.

"మేస్త్రీ చెట్టు దిగట్లేదమ్మా."

నేనూ వదినా చెప్పుల్లేకుండా పరిగెత్తాం. దారిలో ఆమె చెప్పింది. మేస్త్రీ మామూలుగా చెట్టు ఎక్కడు. కింద నిలబడి చూసే చెబుతాడు. ఆ రోజు పెద్ద రసాల చెట్టు తానే ఎక్కాడు. కాయలు దించే తాడు కూడా తనతో పైకి లాక్కున్నాడు. తాడు అన్న మాట విని వదిన దారిలోనే కూలబడబోయింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

చెట్టు కింద ముఠావాళ్ళు మొదట్లో వేళాకోళం చేశారట. "మేస్త్రీ చెట్టుతో కాపురం పెట్టాడర్రోయ్" అని ఒకడు, "పైనుంచి బెజవాడ కనిపిస్తోందా మేస్త్రీ" అని ఇంకొకడు. మేము వెళ్ళేసరికి ఎవరూ మాట్లాడటం లేదు. పై కొమ్మల పంగలో కూర్చుని ఉన్నాడు అన్నయ్య. తాడు చుట్ట ఒళ్ళో ఉంది. కాళ్ళు వేలాడుతున్నాయి. ఆకుల మధ్యనుంచి ఆయన మొహం కనిపించింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏవయ్యా, అన్నం చల్లారిపోతంది, దిగు" అని అరిచింది వదిన. "పిల్లలడుగుతున్నారు. ఇదేం పంతం? దిగు!"

ఆయన కదల్లేదు. నేను పిలిచాను. చెట్టు మొదలు పట్టుకుని, ఎన్నిసార్లు పిలిచానో, ఏమని పిలిచానో గుర్తు లేదు. ఎవరైనా ఎక్కబోతే కొమ్మ ఊగుతుంది. ఊగితే ఏమవుతుందోనని ఎవరూ ఎక్కే ధైర్యం చెయ్యలేదు. అందరం తలలెత్తి నిలబడ్డాం. ఒక కాయ రాలి ఆకుల్లోంచి దొర్లుకుంటూ నేల మీద పడింది. ఆ చప్పుడుకి వదిన కెవ్వుమని అరిచింది. నా జన్మలో అంతకు మించిన భయం నేను ఎరగను.

అయ్యగారు మైలవరం నుంచి అప్పుడే బస్సు దిగారట. ఎవరో చెబితే, సంచీ కూడా దించకుండా సైకిలు మీద వచ్చారు. దారిలో వినవలసింది విన్నట్టున్నారు. చెట్టు కిందకి వచ్చి, తల మీది తుండు తీసి, పైకి చూశారు.

"మీరెందుకొచ్చారండీ ఎండలో" అంది పైనుంచి గొంతు.

అంతసేపటికి అదే మొదటి మాట. పెద్దవాళ్ళంటే మా అన్నయ్యకి ఉన్న మర్యాద ఆ మాట పలికించింది.

"నీతో ఒక కాయ సంగతి అడుగుదామని వచ్చా" అన్నారు అయ్యగారు, కాలువ గట్టు మీద కబుర్లు చెబుతున్నట్టు. "టెంక ముదరని కాయ కోసి గడ్డిలో పెడితే ఏమవుద్దిరా?"

ఆయన మళ్ళీ అడగలేదు. నిలబడ్డారు.

"వడిలిపోద్దండి."

"మాగదా?"

"మాగదండి. తోలు ముడతలు పడిద్ది. లోపల పుల్లగా, రబ్బరులాగా ఉంటది."

"కాయ తప్పంటావా?"

"కాదండి."

"చెట్టు తప్పా?"

"కోయించినోడి తప్పండి" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క మాటలో పాత మేస్త్రీ గొంతు వినిపించింది.

"ఆ కోయించినోణ్ణి నేనేరా నాయనా. దేవుడు నీలో పని చేస్తా ఉన్నాడు. ఇంకా అవలేదు. నేను తొందరపడి, అయిపోయిందని నీచేత చెప్పించా. పూర్తిగా అన్న మాట నీ నోట్లో పెట్టింది నేను. నువ్వు అబద్ధమాడలేదు. దేవుడు అంతకన్నా ఆడలేదు."

"అందరి ముందూ చెప్పాను గదండీ."

"అందరి ముందూ నేనే వెనక్కి తీసుకుంటా. రేపే. ఆ పాపం ఏదన్నా ఉంటే నా తల మీద. నువ్వు దిగి మాత్ర మింగు."

అన్నయ్య ఏడవడం వినిపించింది. కాసేపటికి తాడు చుట్ట దొర్లి కింద పడింది. దాన్ని నేను అందుకుని, ఎవరికీ అందకూడదన్నట్టు గుండెకి హత్తుకున్నాను.

"దిగలేనండి. చేతులు రావట్లేదు" అన్నాడు.

ముఠాలో ఇద్దరు మెల్లగా ఎక్కి, చెరో పక్కా పట్టుకుని, ఒక్కో కొమ్మా దాటించి దించారు. నేల మీద కాలు పెట్టగానే ఆయన అయ్యగారి కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. వదిన ఆయన తల మీద చెయ్యి వేసి, తిడుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఏదో అంటూనే ఉంది.

మర్నాడు అయ్యగారు వాక్యం తెరవడానికి ముందే చెప్పారు. "పోయిన ఆదివారం కాక అంతకుముందు ఆదివారం నేను తొందరపడ్డాను. మన తమ్ముడు ఇంకా మందు వాడుతున్నాడు. డాక్టరు వద్దనేదాకా వాడతాడు. మందు మింగేవాడు బల్లకి దూరం కాదు. ఎవరన్నా అట్టా అంటే నా దగ్గరికి రండి." మందిరంలో గుసగుసలు లేచాయి. ఆయన గుసగుసలు అయిపోయేదాకా ఊరుకుని, బల్ల తీసుకోవడానికి అన్నయ్యనే ముందు పిలిచారు.

బెజవాడ డాక్టరు గారు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలన్నారు. మళ్ళీ అవే వారాలు, మళ్ళీ బలం ముందు వచ్చే ఆ రోజులు. ఈసారి ఏమి రాబోతోందో తెలుసు కాబట్టి భయం ఇంకా ఎక్కువైంది. అయితే ఈసారి నేనూ వదినా ఒంటరిగా లేము. అయ్యగారు ఉపవాస కూటం బదులు కాపలా పెట్టారు. సంఘంలో మగవాళ్ళు వంతులవారీగా అన్నయ్యతో పాటు తోటకి వెళ్ళారు. ఆడవాళ్ళు ఏదో ఒక వంకతో మా వసారాలో కూర్చున్నారు. ఒకావిడ రోజూ అప్పడాల పిండి తెచ్చి మా ఇంట్లోనే ఒత్తేది. ఆవిడ ఇంట్లో పీట లేక కాదు.

ప్రార్థనలు ఆగలేదు. నేను కాలేజీకి మళ్ళీ వెళ్ళాను. జాడీలో నీళ్ళు పోశాను, వాచీ నొక్కాను, తువ్వాలు పట్టుకున్నాను. ఇదంతా పాపమా అని నన్ను నేను అడగకుండా ఒక్క ఎలుకనూ నీళ్ళలో వదల్లేదు. వాటి పెనుగులాట వల్ల ఎక్కడో ఎవరి అన్నయ్యకో మంచి మందు దొరకాలని దేవుణ్ణి అడుగుతూ వదిలాను.

కోతలు అయిపోయి, తొలకరి పడ్డాక, ఒక సాయంత్రం అన్నయ్య వసారాలో కూర్చుని పిల్లవాడి గోళ్ళు తీస్తున్నాడు. వాడు గింజుకుంటుంటే "కదిలితే వేలు తెగుద్దిరా వెధవా" అని కసిరాడు. పిల్లవాడు పారిపోయాడు. నేను ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న మాట అడిగాను.

"ఆ రోజు చెట్టు ఎందుకెక్కావన్నయ్యా?"

"కాయ చూద్దామనే ఎక్కా."

"తర్వాత?"

బ్లేడు కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"తర్వాత సంగతి నాకూ సరిగ్గా తెలీదమ్మాయ్. చచ్చిపోదామని అనుకోలేదు. చావనని కూడా అనుకోలేదు. మీరు పిలుస్తుంటే వినిపించింది. ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టుంది. ఎక్కడానికి వచ్చిన బలం దిగడానికి రాలేదు."

"మళ్ళీ అట్టా అనిపిస్తే నాతో చెప్తావా?"

చెప్తానని ఒట్టు వేస్తాడనుకున్నాను. ఆయన ఆలోచించాడు.

"చెప్పలేనేమో. ఆ టైములో నోరు రాదు. నువ్వే అడుగుతా ఉండు. అడిగితే అబద్ధం చెప్పను."

ఆయన ఇప్పటికీ ఉన్నాడు. మధ్యలో ఇంకో రెండుసార్లు మందు వాడవలసి వచ్చింది. వాడాడు. నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. బాగానే ఉన్నానంటాడు, చాలాసార్లు నవ్వుతాడు కూడా. కానీ ఆయన నోరు తెరిచే లోపు, ఆ కాస్త సేపూ, ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టి ప్రార్థిస్తాను.